కప్పు విప్పిన శనివారం

"చుక్క కూడా పడదన్నది మీరేగా!" అని నిచ్చెన మీద నుంచే అరిచాను.

"తిట్టేది తర్వాత! ముందు ఆ టార్పాలిన్ పట్టా ఇటు లాగండి!" అని కింద నుంచి ఆ ఇంటి అమ్మాయి అంతకంటే గట్టిగా అరిచింది.

ఇద్దరం తడిసి ముద్దయ్యాం. కుండపోత. సగం కప్పు విప్పేసి ఉంది. లోపల వాళ్లమ్మగారు మంచం చుట్టూ చేరిన నీళ్లు తోడుతున్నారు.

పెంకుల కప్పులు బాగుచేయడం మా ఇంటి పని. వేసవి మబ్బుని నమ్మకూడదు, సాయంత్రానికి మళ్లీ మూయగలిగినంతే విప్పాలి, మూడు వరుసలు దాటకూడదు అని నాన్న రూలు. ఆయన లేకుండా నేను ఒప్పుకున్న మొదటి ఇల్లు ఇదే. సోమవారం వచ్చి చూస్తానన్నారు. నచ్చితే ఇకనుంచి నా పనులు నావి. నచ్చకపోతే ఆయన వెనకాలే పెంకులు మొయ్యాలి.

ఈ ఇంటికి కొలతలకని ఒకసారి, కొలతలు పోయాయని ఇంకోసారి వచ్చాను. ఎందుకో చెప్పక్కర్లేదు. ఆవిడ వాతావరణ ఆఫీసులో పనిచేస్తుంది. "సెలవులు మూడు రోజులూ వాన పడదుగా మేడమ్?" అని గురువారం అడిగాను. నా కళ్లలోకి చూసి "చుక్క కూడా పడదు" అంది. అంతే, నా బుర్ర ఆగిపోయింది.

పట్టా కట్టి వరండాలోకి వచ్చేసరికి అమ్మగారు తువ్వాళ్లు తెచ్చారు. "ఇదేంటే? మొన్న గురువారమేగా, వాన పడుతుంది, బట్టలు లోపలే ఆరెయ్యమన్నావ్?" అన్నారు కూతురితో.

నేను తల తుడుచుకోవడం ఆపేశాను.

"అంటే మీకు తెలుసు."

"తెలుసు."

"ఎంత ఛాన్స్ ఉందని తెలుసు?"

"డెబ్బై శాతం. బులెటిన్ నేనే రాశాను."

నాకు ఒళ్లు మండిపోయింది. "బుద్ధుందా మీకు? నా పనితో ఆటలా?"

"మీకుందా? మూడు వరుసలే విప్పుతానన్నారు. సగం ఇల్లు ఎందుకు విప్పారు?"

"మీరు చెప్పారని!"

"మా ఆఫీసు మాట ఎవరైనా నమ్ముతారా? మీరెందుకు నమ్మారు?"

"ఆఫీసుని కాదు, మిమ్మల్ని నమ్మాను! అబద్ధం ఎందుకు చెప్పారో అది చెప్పండి!"

"వాన అంటే పని వచ్చే నెలకి వాయిదా వేసేవాళ్లు. నాకు ఇంట్లో ఉండే వీలు ఈ మూడు రోజులే. మీరు ఇక్కడుంటే బాగుంటుందనిపించింది. చాలా?"

తిట్టినట్టే చెప్పింది. చెప్పి తనే ఎర్రబడిపోయింది. నా కోపం మాత్రం ఇంచు కూడా కదల్లేదు. దాని పక్కనే ఇంకేదో వచ్చి కూర్చుంది, అంతే.

సోమవారం నాన్న పైకెక్కి చూశారు, దిగి లోపల తడిసిన గోడ మీద చెయ్యి పెట్టారు.

"తప్పు నాదండీ. నేనే అబద్ధం చెప్పాను" అంది ఆవిడ ముందే.

"రూలు తప్పింది నేను నాన్నా" అన్నాను.

ఆయన ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. "ఇంకో ఏడాది నా వెనకాలే రా" అని నాతో అని, చేతులు దులుపుకుని వెళ్లిపోయారు.

ఏడాది! ఆవిడ వైపు తిరిగాను. ఆవిడ కళ్లనిండా నీళ్లు.

"నాకు కోపం తగ్గలేదు" అన్నాను.

"తగ్గేదాకా రోజూ వచ్చి తిట్టండి."

"ఏడాది పడుతుంది."

"పట్టనివ్వండి."

లోపల్నుంచి గిన్నె గట్టిగా పెట్టిన చప్పుడైంది. "ఆ తిట్టేదేదో కూర్చుని తింటూ తిట్టు బాబూ, అన్నం చల్లారిపోతోంది!" అని అరిచారు అమ్మగారు.

చెప్పులు విప్పి లోపలికి వెళ్లాను.