దొరసాని తిన్న కేకు

పొద్దున్నే కూతురు కుట్టుమిషను ముందు కూర్చుంది. అంతకుముందే వంటింట్లో తండ్రి కోసం కేకు చేసి పెట్టింది. ఆయనకు షుగరు. అందుకని పంచదార వెయ్యదు, దానికి బదులు వాడే పొడి వేస్తుంది.

"ఎలా ఉంది నాన్నా?"

"బ్రహ్మాండం," అన్నాడు ఒకప్పుడు లారీ మెకానిక్కుగా చేసిన తండ్రి. పళ్లెం ఖాళీగానే ఉంది.

బయట వాన. కాసేపటికి దొరసాని తూలుతూ వచ్చింది. చనిపోయిన ఆయన భార్య పెంచిన కుక్క అది. గుమ్మానికి తగిలి పడిపోయింది. మళ్లీ లేవలేదు.

"దీనికేం పెట్టావు నాన్నా?"

"ఏమీ లేదు."

సగం కుట్టిన చొక్కా అక్కడే పడేసి, కుక్కను దుప్పట్లో చుట్టి కూతురు ఆటో ఎక్కింది. తండ్రి వెనకే ఎక్కాడు.

"మామూలుగా పెట్టే తిండి కాక ఇంకేదో తింది," అన్నాడు పశువుల డాక్టరు. "అదేంటో తెలియాలి. ఊరికే చూస్తూ కూర్చుంటే చేతికి దక్కదు."

తండ్రి గోడకేసి చూశాడు. దొరసాని కాళ్లు కొట్టుకోవడం మొదలైంది.

"కేకు," అన్నాడు. "మొత్తం పెట్టాను."

కూతురు తిరిగి చూసింది. "మరి రోజూ తిన్నానన్నావు?"

"కాగితంలో చుట్టి వీధి చివర తొట్టిలో వేసేవాణ్ణి. ఇవాళ వాన." ఆయన గొంతు లేచింది. "అయినా ఎంగిలి తిని బతికిన కుక్కల్ని ఎన్ని చూడలేదు! అది దానికి విషమైతే నాకేం పెడుతున్నావే నువ్వు?"

"నీకు మంచిదే పెడుతున్నాను. డాక్టరుగారూ, ఆ పొడిలో జైలిటాల్ ఉంది."

డాక్టరు అప్పటికే సూది అందుకున్నాడు. "మీరు చూసిన కుక్కలు తిన్నది ఉత్త మెతుకులు పెద్దాయనా. ఇప్పటి ఎంగిల్లో ఏమేం కలుస్తాయో మనకే తెలీదు. ఈ జైలిటాల్ మనిషికి ఫర్వాలేదు. కుక్కకు మాత్రం ఒంట్లో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది."

గ్లూకోజు ఎక్కించాడు. తండ్రీకూతుళ్లు వరండాలో బల్ల మీద ఎడంగా కూర్చున్నారు.

"బాగాలేదని ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయేది?"

"తెల్లారకుండా లేచి చేస్తున్నావు. నోరు రాలేదు."

"నీ మొహమాటం దాని ప్రాణం మీదికి తెచ్చింది."

"తిట్టు తల్లీ. ఇంకా తిట్టు."

"తిట్టను. తిడితే నీకు తేలికవుతుంది."

ఆయన తల దించుకున్నాడు.

డాక్టరు తలుపు తీశాడు. "తల ఎత్తింది. రెండు రోజులు ఇక్కడే ఉంచండి, కాలేయం కూడా చూడాలి. బతుకుతుంది."

తండ్రి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదిలాయి. తువ్వాలు లోపల్నుంచే అన్నాడు, "ఆ కేకు సున్నం తిన్నట్టుంటుందే."

"నాకు తెలీదా? ఒక్కసారి రుచి చూసి ఊసేశాను. నువ్వు బ్రహ్మాండం అంటున్నావని చేస్తున్నా."

ముందు డాక్టరు నవ్వాడు. కూతురు జరిగి తండ్రి పక్కన కూర్చుంది. అప్పుడిక ఇద్దరూ ఏడ్చారు.