చచ్చినట్టు ఉండాల్సిన మొక్కలు

పదకొండు నెలలుగా చుక్క నీరు లేకుండా ఎండబెట్టిన ఎడారి మొక్కలు పొద్దున్నే పచ్చగా కళకళలాడుతుంటే పరిశోధకురాలికి ఒళ్లు మండింది. ఏడాది ఎండినా ఇవి తడి తగలగానే లేస్తాయని నిరూపిస్తేనే ఆమెకు డాక్టరేట్. ఇంకో నెలే ఉంది. నిన్న ఆ గదిలోకి వచ్చినవాడు ఏసీ మెకానిక్ ఒక్కడే.

"నీళ్లు పోసింది మీరేనా?"

"నేనేనండీ. పాపం, కరకరలాడిపోతున్నాయి. సీసాడు పోశాను" అన్నాడతను, మెడలో దండ వేస్తారేమో అన్నంత ధీమాగా.

"గోడ మీద నోటీసు కనబడలేదా? చదువొచ్చా అసలు?"

"వచ్చండీ. చదివే పోశాను."

అబద్ధం కూడా అతికేలా చెప్పడం చేతకాని మనిషి అనుకుంది. అందంగా ఉన్నవాళ్లకి దేవుడు బుర్ర ఇవ్వడు కాబోలు. అందంగా ఉన్నాడని తనెప్పుడు చూసిందో ఆమెకే తెలియలేదు. దాంతో కోపం రెట్టింపైంది.

మధ్యాహ్నానికి ఫిర్యాదు రాసుకుని అతని మేనేజరు ముందు కూర్చుంది. ఆ కాగితం చేతికిస్తే అతని ఉద్యోగం ఊడినట్టే. అతను తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నోటీసులో ఏం రాశారమ్మా?" అన్నాడు మేనేజరు.

"స్పష్టంగానే రాశాను. ఈ మొక్కలు చచ్చినట్టు ఉండాలి, అని."

మేనేజరు కళ్లజోడు తీశాడు. "అంటే ఉండి తీరాలనేగా? ఆదివారం చచ్చినట్టు ఇంట్లో ఉండాలని మా ఆవిడా అంటుంది. నేను బతికే ఉంటున్నాను."

ఆమె నోటీసును మనసులో మళ్లీ చదువుకుంది. ఇంత చదువు చదివి నాలుగు ముక్కలు సరిగ్గా రాయలేకపోయింది. అతని కోసం దాచుకున్న వెక్కిరింపులన్నీ తనకే అచ్చంగా సరిపోయాయి. ఫిర్యాదు చింపేసింది.

"తప్పు నాదేనండీ."

మెట్ల దగ్గర అతను వెనకాలే వచ్చాడు. "మళ్లీ మొదటినుంచా?"

"మీ దయవల్ల."

"గదిలో తేమ చేరకుండా మెషిన్ వారం వారం నేనొచ్చి చూస్తాను. డ్యూటీ కాకపోయినా సరే."

"జాలా?"

"కాదండీ. మిమ్మల్ని చూడాలని."

"తిట్టే మనిషినని తెలిసే?"

"మీరు తిట్టినప్పటినుంచి ఇంకెవరి మాటా చెవికెక్కడం లేదు."

"అభిరుచి కూడా లేదన్నమాట" అని పెదవి విరిచింది. నాలుగు మెట్లు దిగి ఆగింది. భయంగానూ ఉంది, సంతోషంగానూ ఉంది. "ఒక్క వారం ఎగ్గొట్టారో, ఇంటికొచ్చి మీ అమ్మగారి ముందే తిడతాను."

"అయితే మొదటి వారమే ఎగ్గొడతాను" అన్నాడు మెకానిక్.