దేముడమ్మ వెయ్యనన్న వేలిముద్ర

ఆ పొద్దున చోడి అంబలి అడుగంటింది. పొయ్యి ముందే కూర్చున్నా దేముడమ్మకు వాసన తెలియలేదు. ఆమె చూపంతా పీట మీదున్న కాగితం మీదే ఉంది.

కూతురు భాను రాత్రి తెచ్చిన కాగితం అది. ఇంగ్లండులో పన్నెండు వారాలు తెరచాప పడవ నడపడం నేర్పి, పరీక్ష పెట్టి, ఏ దేశంలోనైనా చెల్లే సర్టిఫికెట్ ఇస్తారట. కొండ కింద రిజర్వాయరులో బోటింగ్ పని చేస్తున్న భానుకి అందులో సీటొచ్చింది. ఖర్చంతా వాళ్లదే. ఇక కావలసింది తల్లి వేలిముద్ర.

"మల్లీ సదువు తమ్ముడూ," అంది.

"ఎన్నిపాల్లు సదవమంటావప్పా?" తమ్ముడు ధర్మ విసుక్కున్నాడు. "ప్రమాదం జరిగితే ఎవరికి తెలియజేయాలి అని ఉంది. దాని కింద నీ పేరు. పక్కన నీ యేలిముద్ర."

దేముడమ్మ చేతిని కొంగులో దాచుకుంది. తొమ్మిదేళ్ల క్రితం సంత నుంచి వస్తూ, నాటుపడవ తిరగబడి ఆమె భర్త భీముడు ఆ రిజర్వాయరులోనే పోయాడు. మర్నాడు ఆసుపత్రి వరండాలో ఇలాంటి కాగితమే ముందు పెట్టారు. ఆమె పేరు, పక్కన ఖాళీ. వేలిముద్ర పడ్డాకే శవాన్ని ఇచ్చారు. ఆ తర్వాత రేషను మిషను మీద తప్ప ఆమె మరెక్కడా వేలు పెట్టలేదు. నీళ్ల వైపూ వెళ్లలేదు.

భాను జడ అల్లుకుంటూ వచ్చింది. "ఏసీసావా అమ్మా? బేగి పంపాల."

"ఎయ్యను."

"ఏటి?"

"నీ శవాన్ని నానే తీసుకుంతానని ముందే ఒప్పుకోమంటన్నావు. నా సేత్తో నాను ఎయ్యను."

"ఓలమ్మ! అది శవం కాగితం కాదే. ఎల్లిన పెతోళ్ల సేతా రాయించుకుంతారు."

"పెతోళ్ల మొగుళ్లూ నీటిలో పోయారేటి?"

ధర్మ అందుకున్నాడు. "కొండమీద పుట్టి సముద్రం మీద తిరగడం ఏటే గుంటా? మేకపిల్లకి ఈత నేర్పినట్టు!"

"నువ్వు మాటాడకు మావయ్యా." భాను అల్లుతున్న జడ వదిలేసింది. "ఆరోజు ఒడ్డున నలభైమంది ఉన్నారు. నువ్వూ ఉన్నావు. అయ్య సెయ్యెత్తితే అందరూ కేకలెట్టారు. నీటిలోంచి మనిసిని తియ్యడం ఒక్కడికీ రాదు. నాకు పన్నెండేళ్లు. నానూ కేకలే ఎట్టాను."

ధర్మ పీట మీది కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. దేముడమ్మ అడిగింది, "నీకు బయం లేదేటే?"

"ఎందుకు లేదు? పడవెక్కిన పెతిపాలీ ఉంటాది. అందుకే నేర్సుకుంతన్నాను."

దేముడమ్మ లేచి నిలబడింది. "మాటలొద్దు. పడవ తిరగబడితే ఏటి సేత్తావో నా కళ్లతో సూడాల. నడు."

ముగ్గురూ కొండ దిగారు. ఒడ్డున దేముడమ్మ నీళ్లకి దూరంగానే ఆగిపోయింది. భాను లైఫ్ జాకెట్ కట్టుకుని, చిన్న తెరచాప పడవను లోతుకి నడిపింది. తాడు బిగించి లాగి, ఒక పక్కకి ఒరిగింది.

తెరచాప నీటిని చరిచింది. పడవ బోర్లా పడింది. భాను తల కనిపించలేదు.

"భానూ!"

దేముడమ్మ మోకాళ్ల లోతు నీళ్లలోకి పరుగెత్తింది. ధర్మ రెండు చేతులా పట్టుకుని ఆపాడు. ఆమె తమ్ముడి చేతిని కొరికింది. అప్పుడు పడవకి అవతలి వైపు ఒక తల లేచింది. భాను పడవ అడుగున రెక్కలా పొడుచుకొచ్చిన పలక మీదికి ఎక్కి, అంచు పట్టుకుని, వెనక్కి వాలింది. నీళ్లు కారుతూ పడవ మెల్లగా లేచి నిలబడింది.

ఒడ్డుకొచ్చిన కూతుర్ని దేముడమ్మ ముందు చెంప మీద కొట్టింది. తర్వాత ఆ తడి తలను గుండెకు హత్తుకుని ఏడ్చింది.

"మల్లీ సెయ్యి," అంది చివరికి.

మూడుసార్లు చేయించింది. రెండోసారి కొంగు నోట్లో కుక్కుకుంది. మూడోసారి, తనకే తెలియకుండా, "ఎనక్కి వాలే, ఇంకా వాలు!" అని ఒడ్డు మీంచి అరిచింది.

భయం పోలేదు. అది పోదని ఆమెకి తెలుసు. కానీ కూతురు ఆ భయంతోనే నీటిలో దిగడం కళ్లారా చూసింది.

"తమ్ముడూ," అంది బొటనవేలిని కొంగుకి తుడుచుకుంటూ. "ఆ కాగితంలో నా పోను నంబరు కూడా రాయి. ఏదైనా అయితేనే కాదు, ఏటీ అవని రోజు కూడా నాకే సెప్పాలని రాయి."