మెడ మీద చల్లటి వేలు

"రెండు మీటర్ల ఇరవై!" టేపు చివర పట్టుకుని వ్యాన్‌లోంచి అరిచింది మనోజ్ఞ.

"బైకు పొడవెంత?" బయటి నుంచి అడిగాడు నాన్న.

"రెండు మీటర్ల అయిదు. ఇంకా పదిహేను సెంటీమీటర్లు మిగుల్తాయి నాన్నా. పట్టేస్తుంది!"

అప్పుడు మధ్యాహ్నం మూడే. కానీ బాగా మబ్బు పట్టి, ఫిల్మ్‌నగర్‌కి అప్పుడే పొద్దుగూకినట్టుంది. వాళ్ళున్నది కొండరాళ్ళ వెనక ఒక రేకుల షెడ్డులో. పాత సినిమా సెట్ల సామానంతా అక్కడే పడేశారు. సగం విరిగిన రాజమహలు స్తంభాలు, ముక్కు ఊడిన రాక్షసుడి తల, గోడకి ఆనించిన థర్మోకోల్ సమాధులు. వాటి మధ్యలో పొడవాటి తెల్ల వ్యాన్ ఒకటి నిలబడి ఉంది.

మనోజ్ఞ వాళ్ళ నాన్న సాయిశ్రీనివాస్ సినిమాల్లో బైకు ఫైట్లు చేస్తాడు. తెర మీద హీరో బైకుతో సహా గాల్లోకి లేస్తే, ఆ హెల్మెట్ లోపల ఉండేది నాన్నే. తన రెండు బైకుల్నీ షూటింగుకి చేర్చడానికి ప్రతిసారీ ట్రాలీ ఆటో మాట్లాడుకోవాలి. అది చెప్పిన టైముకి వస్తే వింతే. ఇక ఇంటిల్లిపాదీ ఎక్కడికైనా బయల్దేరితే, నలుగురూ ఒక్క బైకు మీద సర్కస్ చెయ్యాల్సిందే. అందుకే రెండు పనులకీ పనికొచ్చే బండి కోసం నెల రోజులుగా వెతుకుతున్నారు.

ముందు ఒక పికప్ బండి చూశారు. దాని వెనక భాగానికి కప్పు లేదు, వానొస్తే బైకులు తడుస్తాయి. పైగా కృష్ణానగర్‌లో వాళ్ళుండే సందు మలుపు తిరగదు. పోనీ పెద్ద కారు కొని వెనక ట్రాలీ తగిలిద్దామన్నాడు నాన్న. "ఆ ట్రాలీని ఎక్కడ పెడతారండీ, మంచం కిందా?" అంది అమ్మ పద్మప్రియ. ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

ఈ వ్యాన్ మాత్రం అన్నిటికీ సరిపోయింది. ముందు రెండు సీట్లు, వాటి వెనక ముగ్గురు కూర్చునే సీటు, దాని వెనక ఇనుప జాలి, జాలి అవతల రెండు బైకులకి చోటు. రేపు ఉదయానికల్లా నాన్న బైకులు లొకేషన్లో ఉండాలి. లేకపోతే ఆ ఫైటు ఇంకొకరి చేతికి పోతుంది. అంటే ఇవాళే ఏదో ఒక బండి తేలాలి.

అన్నీ బాగానే ఉన్నాయి, ఒక్క చెయ్యి తప్ప.

అది బైకులు పెట్టే చోట, ఎడమ మూలన, పైకప్పు మీద ఉంది. ఎర్రటి చెయ్యి గుర్తు. చిన్నపిల్లల చెయ్యంత ఉంది. అయిదు వేళ్ళూ విడివిడిగా కనిపిస్తున్నాయి. మనోజ్ఞ మునివేళ్ళ మీద లేచినా ఆ కప్పు అందదు. మరి అంత చిన్న చెయ్యి అంత పైకి ఎలా వెళ్ళింది?

"అక్కా, దయ్యం చెయ్యి!" అన్నాడు తమ్ముడు రిత్విక్, ఆమె చొక్కా పట్టుకుని.

"దయ్యాల్లేవు, గియ్యాల్లేవు. అయిదేళ్ళొచ్చాయి, సిగ్గులేదూ?" అని నవ్వింది మనోజ్ఞ. అదంతా మేకపోతు గాంభీర్యమే. టేపు చుట్టేసి ఒక్క దూకులో బయటికొచ్చి పడింది.

వ్యాన్ ఓనరు వెంకటాచలం తాత తాళాలు తెచ్చాడు. ఎన్నో ఏళ్ళు సినిమా కంపెనీలకి బండ్లు నడిపి, ఇప్పుడు ఇంటి పట్టునే ఉంటున్నాడు.

"మంచి బండి శ్రీనూ. ఒక దయ్యం సినిమాల గూడ నటించింది," అని నవ్వాడు. వెంటనే ఆ నవ్వు తగ్గిపోయింది. "ముగ్గురొచ్చి చూసిండ్రు. వెనక డోరు తీసి లోపలికి చూసుడు, మాట చెప్పకుంట పోవుడు. ఎందుకో నాకు సమజ్ కాలే."

రిత్విక్ అక్క వైపు చూశాడు. అక్క నేల వైపు చూసింది.

"బైకు ఎక్కించి ఒక రౌండు వేసొద్దాం బాబాయ్," అన్నాడు నాన్న. వ్యాన్‌కి చెక్క పలక ఆనించి తన నల్ల బైకుని లోపలికి తోశాడు. దాని ముందు చక్రాన్ని జాలికి ఆనించి, ముందు రెండు, వెనక రెండు, మొత్తం నాలుగు బెల్టులతో నేల మీదున్న కొక్కేలకి బిగించడం మొదలుపెట్టాడు. నాలుగోది జాలి పక్కన ఎడమ మూలది. దాని దగ్గరికి వచ్చేసరికి ఫోను మోగింది. షూటింగు మేనేజరు. నాన్న మాట్లాడుతూనే కిందికి దిగాడు.

ఫైటర్లకి ఒక పద్ధతి ఉంది. ఒకరు కట్టిన తాడుని ఇంకొకరు చేత్తో లాగి చూడాలి. లాగి చూశాకే "పట్టి చూశా" అనాలి. ఆ మాట వినపడ్డాకే ఎవరైనా కదులుతారు. నాన్న బైకుల దగ్గర ఆ పని ఎప్పుడూ మనోజ్ఞదే. బళ్ళో లీడరు పదవి ఇచ్చినా అంత గర్వపడదు.

మొదటి బెల్టు లాగింది, గట్టిగా ఉంది. రెండోది, మూడోది కూడా గట్టిగానే ఉన్నాయి. నాలుగోది ఆ మూలన ఉంది, చీకట్లో, సరిగ్గా ఎర్ర చెయ్యి కింద. రేకుల మీద వాన చినుకులు మొదలయ్యాయి. మనోజ్ఞ ఒక అడుగు ముందుకు వేసింది. పైన ఆ అయిదు వేళ్ళూ ఆమె కోసమే చాచినట్టున్నాయి. వేసిన అడుగు వెనక్కి తీసుకుంది.

"మనోజ్ఞా, నాలుగూ అయ్యాయా?" బయటి నుంచి నాన్న.

భయంగా ఉందని చెబితే రిత్విక్ నవ్వడూ? ఇందాకే కదా వాణ్ణి వెక్కిరించింది!

"పట్టి చూశా నాన్నా!" అంది.

వ్యాన్ బయల్దేరింది. నాన్న నడుపుతున్నాడు, పక్కన తాత. వెనక సీట్లో నాన్న వెనకగా రిత్విక్, మధ్యలో మనోజ్ఞ, అటు పక్కన అమ్మ. జూబ్లీహిల్స్ వైపు ఎత్తుగా ఉన్న రోడ్డెక్కారు. రెండు పక్కలా పెద్ద పెద్ద ఇళ్ళు, మూసిన గేట్లు. మనిషన్నవాడు కనపడలేదు. వాన ధారలుగా కారుతోంది.

టక్.

జాలి అవతల నుంచి వచ్చింది చప్పుడు. ఎవరో వేలితో రేకు మీద కొట్టినట్టు.

టక్. టక్.

"ఎవరో తలుపు కొడుతున్నారు," అన్నాడు రిత్విక్ గుసగుసగా.

"ఇంజను చప్పుడు లేరా," అంది అమ్మ. కానీ ఆవిడ కూడా వెనక్కి తిరిగి చూసింది. జాలి అవతల అంతా మసక చీకటి.

బండి ఎత్తు ఎక్కి మలుపు తిరిగింది. మనోజ్ఞ నాన్న తల మీదుగా లోపలి అద్దంలోకి చూసింది. అద్దంలో జాలి, జాలి అవతల బైకు ముందు లైటు కనిపిస్తున్నాయి. ఇందాక ఆ లైటు తిన్నగా ఉంది. ఇప్పుడు మెల్లగా, ఎవరో పిలిస్తే మనిషి తల తిప్పినట్టు, పక్కకి తిరుగుతోంది.

మనోజ్ఞ చటుక్కున అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

రోడ్డు పల్లంలోకి దిగింది. అప్పుడే రిత్విక్ కెవ్వున అరిచాడు.

"నా మెడ మీద వేలు పెట్టారు! చల్లటి వేలు!"

"ఎవరు పెట్టారురా?"

"వెనక నుంచి! మళ్ళీ పెట్టారమ్మా!" వాడు ఏడుపు లంకించుకున్నాడు.

అమ్మ ముఖం పాలిపోయింది. "ఏవండీ, బండి వెనక్కి తిప్పెయ్యండి. ఈ వ్యాన్ మనకొద్దు. బైకులకి ట్రాలీ ఆటోనే నయం."

తాత వాడిపోయిన ముఖంతో కిటికీలోంచి బయటికి చూశాడు. "మీరు నాలుగోవాళ్ళమ్మా," అన్నాడు మెల్లగా. "నా బండిల ఏముందో ఎవలన్న జర చెప్పున్రి."

ఆ మాట విన్నాక మనోజ్ఞకి ఎలాగో అయింది. ఏడుస్తున్న తమ్ముణ్ణి దగ్గరికి లాక్కోవడానికి వాడి మెడ వెనక చెయ్యి వేసింది. ఆమె వేళ్ళకి ఏదో తగిలింది. చల్లగా, నున్నగా, గుండ్రంగా, గోళీకాయంత.

ఒళ్ళు ఝల్లుమంది. కానీ చెయ్యి తియ్యలేదు, ఎందుకంటే ఆ చల్లదనం ఆమె ఎరిగినదే. ప్రతి ఆదివారం పాత బనీను గుడ్డతో మెరిసేదాకా తుడిచేది దాన్నే.

బ్రేకు లివరు చివర.

హ్యాండిలు తిరిగి, లివరు జాలి కంతలోంచి ఇవతలకి పొడుచుకొచ్చింది. అంటే ఎడమ బెల్టు ఊడింది. ఆ నాలుగోదే! టక్ టక్‌మంటున్నది దాని ఇనుప బకిలు.

ఇప్పుడు నోరు మూసుకుంటే చాలు. ఎవరికీ తెలియదు. నేరమంతా దయ్యం మీదకి పోతుంది. వ్యాన్ వెనక్కి వెళ్ళిపోతుంది, తనని ఎవరూ ఒక్క మాట అనరు. ఆ ఆలోచన మనోజ్ఞకి వచ్చింది. రాలేదని నేను అబద్ధం చెప్పను.

కానీ ముందున్నది నిలువు పల్లం. అంత బరువు బైకు ఒరుగుతున్నది రిత్విక్ వీపు వైపే.

"నాన్నా, ఆపు!" గొంతు చించుకుని అరిచింది. "మెల్లగా ఆపు! నాలుగో బెల్టు నేను చూడలేదు!"

నాన్న గేరు తగ్గించి, పక్కకి తీసి, కుదుపు లేకుండా ఆపాడు. వానలోనే దిగి వెనక తలుపు తీశాడు. నాలుగో బెల్టు తెరుచుకున్న బకిలుతో ఊగుతోంది. బైకు కుడివైపుకి ఒరిగి జాలి మీద ఆనుకుంది. అటువైపు జాలి అప్పటికే లోపలికి వంగింది.

అమ్మ రిత్విక్‌ని ఒళ్ళోకి లాక్కుంది. చాలాసేపు వదల్లేదు.

మనోజ్ఞ వానలో తడుస్తూ నాన్న పక్కన నిలబడింది. తిడతాడని ఎదురుచూసింది. తిడితేనే బాగుండేది.

"ఫోనులో పడి బకిలు నొక్కడం నేను మర్చిపోయాను. అది నా తప్పు," అన్నాడు నాన్న. "మనుషులం, మర్చిపోతాం. అందుకే రెండో చెయ్యి. మరి నువ్వు పట్టి చూశానన్నావు కదమ్మా?"

"అక్కడ... ఆ చెయ్యి కింద... నాకు భయమేసింది నాన్నా," అంటూనే ఏడ్చేసింది.

"ఏ చెయ్యి బిడ్డా?" అన్నాడు వెంకటాచలం తాత. మనోజ్ఞ చూపించింది. తాత కళ్ళు పెద్దవి చేసి చూశాడు. తర్వాత నవ్వాడు, కళ్ళల్లో నీళ్ళు తిరిగేలా నవ్వాడు.

"దాన్ని చూసి ఉరికిండ్రా అందరు? అరె, గది మా మనవరాలు గీతికది! బండికి ఎర్ర పట్టీ వేస్తున్న నాడు నా చంకనెక్కి, తడి రంగుల చెయ్యి ముంచి, పైన కొట్టింది. మళ్ళ తెల్ల రంగు వేయించిన గని, దాన్ని మాత్రం చెరపబుద్ధి కాలే. ఇప్పుడు గా పిల్ల బీటెక్ చదువుతాంది. ఒక్కరన్న అడిగితే చెప్పకపోదునా?"

"తాడుని చూసి పామనుకున్నట్టుంది మా సంగతి. కాస్త అడిగుండాల్సింది బాబాయిగారూ," అంది అమ్మ సిగ్గుపడుతూ.

నాన్న బైకుని నిలబెట్టి బెల్టు మళ్ళీ బిగించాడు. మనోజ్ఞ లోపలికెళ్ళి లాగింది. తిరుగు దారంతా ఏ చప్పుడూ రాలేదు. షెడ్డు చేరాక, వంగిన జాలిని సరిచేయించి సాయంత్రానికే బండి ఇంటికి పంపుతానన్నాడు తాత. అమ్మ సరేనంది.

మర్నాడు సోమవారం ఉదయం కృష్ణానగర్ సందులో ఆటోల హారన్లు మొదలయ్యాయి. వ్యాన్‌లో ఇప్పుడు రెండు బైకులు, ఎనిమిది బెల్టులు. మేనేజరు రెండుసార్లు ఫోను చేశాడు. నాన్న వాచీ చూసుకున్నాడు.

"మనోజ్ఞా, అయిందా?"

లోపల ఇంకా చీకటిగానే ఉంది. అది గీతికక్క చెయ్యేనని మనోజ్ఞకి తెలుసు. అయినా ఆ అయిదు వేళ్ళూ నిన్నటిలాగే చాచి ఉన్నాయి. తెలిసినంత మాత్రాన భయం పోతుందా ఏమిటి?

"ఏడు పట్టి చూశా నాన్నా," అంది. "ఎనిమిదోది ఆ మూలన ఉంది. నాకు భయంగా ఉంది. నువ్వొచ్చి టార్చి పట్టుకో, నేను లాగి చూస్తాను."