రోజాల షెడ్డులో పలికిన పేరు

అత్తిముగం ఊరు దాటి మట్టిదారి పట్టుకుంటే ఎడమ పక్కన ఈశ్వరప్ప రోజాల షెడ్డు ఉంది. ఇప్పుడు రోజాలు లేవు. ఈశ్వరప్ప సాగు వదిలేసి హోసూరు చేరాడు. మిగిలినవి ఇనుప కమ్మీలు, వాటి మీద చినిగిన ప్లాస్టిక్ కప్పు. గాలి వీస్తే అది పటపటా కొట్టుకుంటుంది.

ఊరు ఆ చప్పుడుకు భయపడదు. భయపడేది మాటలకు.

చీకటి పడ్డాక లోపల ఒక ఆడమనిషి మాట్లాడుతుంది. ఒక మాట అంటుంది, ఆగుతుంది... ఎవరో జవాబు చెప్పినట్టు ‘ఊఁ’ కొడుతుంది. ఆ రెండో గొంతు మాత్రం ఇంతవరకు ఎవరికీ వినిపించలేదు.

గొర్రెలు తోలేవాళ్లు ఆ దారి మానేశారు. పూలు కోసే పిల్ల ఎవరో పురుగుల మందు తాగి చనిపోయిందని కొందరు చెప్పారు. నేను విచారించాను. అక్కడ ఎవరూ చావలేదు. ఎవరూ చావకపోయినా దెయ్యం ఉండడానికి ఊరు అభ్యంతరం చెప్పలేదు.

తర్వాతి సంగతి నాకు చెప్పింది సుబ్రమణి. హోసూరు నుంచి షేర్ ఆటో తోలతాడు. ఉన్నదానికి కలిపి చెప్పే అలవాటు లేదు.

అప్పుడు అత్తిముగంలో కొత్త ప్రార్థన మందిరం లేచింది. దాన్ని ఎవరి చేతిలో పెట్టాలో సంఘం పెద్దలు ఆదివారం తేల్చాలి. మోహన్‌కుమార్‌కు అది కావాలి. పగలు బండ్ల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు, సాయంత్రం మైకు. “దేవుడు నా ఫ్రెండు. దినమూ నాతో మాట్లాడతాడు” అని ప్రతి ప్రార్థన కూటంలో చెప్పేవాడు. ఆ స్నేహమంతా స్పీకర్ల మీదే నడిచేది. అవతలివాడు ఒక మాట అందామన్నా సందు దొరికేది కాదు.

శనివారం అతను ప్రకటించాడు — షెడ్డులో దెయ్యాన్ని ఈ పొద్దే వెళ్లగొడతానని.

“ఒంటిగా పోతారా అన్నా?” చీకటి పడ్డాక షెడ్డు ముందు ఆటో ఆపి సుబ్రమణి అడిగాడు.

“ఒంటిగా యాడ? ఫ్రెండు ఉన్నాడు కదప్పా.”

“అట్లయితే ఇద్దరికీ చార్జీ తీసుకుంటా.”

మోహన్‌కుమార్ బైబిలు చంకలో పెట్టుకుని లోపలికి నడిచాడు. సుబ్రమణి కంచె దగ్గర నిలబడ్డాడు.

ప్లాస్టిక్ ఒకసారి కొట్టుకుంది... ఆగింది.

అప్పుడు గొంతు —

“కాళ్లు లాగేస్తా ఉండాయప్పా ఈ పొద్దు... నువ్వు చూస్తానే ఉంటివి కదా.”

నిశ్శబ్దం.

“ఊఁ... అది ఉండనీ. ఆ మోహన్‌కుమార్ సంగతి ఏం చేస్తావు?”

మోహన్‌కుమార్ అడుగు ఆగిపోయింది.

మళ్లీ నిశ్శబ్దం... ఎవరో ఏదో అడుగుతున్నంత సేపు.

“అదేనప్పా... తెల్లచొక్కా వేసుకొని, మైకు పట్టుకొని అరుస్తాడే... ఆయప్ప.”

బట్టీ పట్టిన వచనాలన్నీ మరిచి మోహన్‌కుమార్ వెనక్కి పరుగెత్తాడు. అతను ఆటోలో వచ్చి పడ్డప్పుడు బైబిలు చంకలోనే ఉంది. ఎడమ కాలి చెప్పు లేదు.

“పోనీ... పోనీ...”

“ఫ్రెండు ఇంకా ఎక్కలేదన్నా,” అన్నాడు సుబ్రమణి.

ఆదివారం మైకులో ఇదే సంగతి వేరేగా వచ్చింది. దెయ్యం తనను పేరు పెట్టి పిలిచిందట. ఇతను గద్దించాడట. అది ఏడుస్తూ కొండల వైపు పారిపోయిందట. పారిపోయింది ఎవరో చూసిన సుబ్రమణి వెనక నిలబడి ఉన్నాడు. అతన్ని ఎవరూ అడగలేదు. జనం హల్లెలూయ అన్నారు. పెద్దలు మందిరాన్ని మోహన్‌కుమార్ చేతిలో పెట్టారు.

అందరూ వెళ్లాక అతను గుమ్మం దాటాడు. మెట్టు మీద అతని ఎడమ కాలి చెప్పు... ఒక్కటే. మట్టి తుడిచి పెట్టి ఉంది.

పక్కన మారక్క. ఆరాధనకు వస్తే చివరి చాప మీద కూర్చుని లేచిపోయే మనిషి. షెడ్డు నడిచినన్నాళ్లు అందులో రోజాలు కోసింది. ఇప్పుడు దొరికిన కూలికి పోతుంది. ఒక్క గది ఇంట్లో మనుషులు, ఆపైన టీవీ మోత. పని దిగాక నిమ్మళంగా ప్రార్థన చేసుకోవాలంటే ఆమెకు తెలిసిన చోటు ఆ షెడ్డే.

“మీ చెప్పన్నా. నిన్న వదిలేసి పరుగెత్తినారు. పిలిస్తిని... నిలబడలేదు.”

అదే గొంతు.

మోహన్‌కుమార్ చుట్టూ చూశాడు. ఆటో తుడుచుకుంటున్న సుబ్రమణి తప్ప ఎవరూ లేరు.

“ఎవరితో మాట్లాడతా ఉంటివి మారక్కా?” గుసగుసగా అడిగాడు.

“ఇంకెవరితో అన్నా, దేవునితోనే. దినమూ మాట్లాడుకొంటాము. మందిరం మీకే ఇప్పించమని చెప్పబోతిని.”

“మరి... తెల్లచొక్కా, మైకు... అవన్నీ ఎందుకు చెప్తివి?”

మారక్క ఇబ్బందిగా చెప్పు వైపు చూసింది. గొంతు ఇంకా తగ్గించింది.

“ఏ మోహన్‌కుమార్ అని అడిగినాడన్నా.”