రెండు వేళ్ల సందు

చెక్కగది కొనడానికి షోరూముకి వెళ్లి, గోడని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి నలిపి చూసినవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే. నేను టైలర్ని. ఏ సరుకైనా చేతికి తగలందే నా బుర్రకెక్కదు.

“తడిస్తే ముడుచుకుంటుందా?” అని అడిగాను.

సేల్స్ ఆయన నవ్వుని దగ్గులోకి మార్చాడు. “ఇది చొక్కా గుడ్డ కాదు సార్. చెక్క.”

“ముడుచుకుంటుంది,” అంది వెనకనుంచి ఒక గొంతు. “తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. ఇన్నాళ్లకి ఒక్క మనిషి అడగాల్సింది అడిగాడు.”

తిరిగి చూశాను. చెవి మీద పెన్సిలు, భుజం దగ్గర కుట్టు విడిన నీలం చొక్కా, చేతిలో టేపు. టేపు నా మెడలోనూ ఉంది. నాది మెత్తనిది, తనది ఇనపది. అంతే తేడా అనుకున్నాను.

ఇంట్లో ముందుగదిలో నా కుట్టుమిషన్లు రెండున్నాయి. వాటి మోత వల్ల అమ్మకి టీవీలో మనుషుల పెదాలు కదలడం కనబడుతుంది తప్ప మాటలు వినబడవు. ఏడేళ్లు ఓపిక పట్టి, పెరట్లో గది వేసుకుని అందులోకి పొమ్మంది. “నిన్ను కాదురా, మిషన్లని” అని తర్వాత సర్దుకుంది.

సరుకు పొద్దున్నే దిగింది. గోడ దుంగలు, కప్పు పలకలు, తలుపు, కిటికీ, అన్నీ విడివిడిగా. కట్టేవాళ్లు మధ్యాహ్నం వస్తామన్నారు. ఖాళీగా కూర్చోవడం ఎందుకని దుంగలన్నీ షేడు ప్రకారం పేర్చాను. లేత రంగువి ఒక పక్క, ముదురువి ఒక పక్క. తానులు సర్దినట్టు ముచ్చటగా ఉంది.

వచ్చింది ఆ పెన్సిలమ్మాయే. వెనకాల వాళ్ల నాన్న. కంపెనీలో ఆయన్ని పెద్ద మేస్త్రి అనీ, తనని చిన్న మేస్త్రి అనీ పిలుస్తారట.

“ఎవరిదీ ఘనకార్యం?” అంది చిన్న మేస్త్రి నడుం మీద చేతులేసుకుని.

“నాదే. రంగులు కలిపాను.”

“ప్రతి దుంగ మీదా నంబరుంది. చూశారా?”

“చూశాను. సైజు నంబరేమో అనుకున్నాను.”

పెద్ద మేస్త్రి బల్ల మీద కూలబడి మోకాలు రుద్దుకుంటూ నవ్వాడు. “నాకు చెప్పకు బాబూ. ఈ గది మొత్తం దానిదే. నేను చూడ్డానికొచ్చాను, అంతే.”

టీ ఇచ్చే నెపంతో అమ్మ కూపీ లాగింది. చిన్న మేస్త్రి ఒక్కతే కడుతున్న మొదటి గది ఇదేనట. రెండు నెలలయ్యాక కంపెనీ ఇన్‌స్పెక్టరు వచ్చి చూస్తాడు. బాగుందంటే సొంత టీము ఇస్తారు. లేదంటే మళ్లీ వాళ్ల నాన్నకి సుత్తి అందించడమే.

“ఎన్నేళ్లుగా అందిస్తున్నావమ్మా?” అంది అమ్మ.

“తొమ్మిదేళ్లు ఆంటీ. ఇప్పుడైతే ఆయన అడక్కముందే అందించేస్తున్నా. అదే నాకు భయంగా ఉంది.”

మూడు రోజులు పట్టింది. మొదటి రోజంతా కింద దిమ్మె దగ్గరే. రసమట్టంలో బుడగ సరిగ్గా నడిమికి వచ్చేదాకా మోకాళ్ల మీంచి లేవలేదు. రెండో రోజు దుంగ మీద దుంగగా గోడలు లేచాయి. దుంగ నెత్తిన సుత్తి నేరుగా పడకుండా మధ్యలో ఒక చెక్కముక్క అడ్డం పెట్టి కొట్టేది. దెబ్బ తగలాలి కానీ నొప్పి తెలియకూడదన్నట్టు.

నేను ఒక మిషన్ని ముందుగదిలోంచి పెరటి కిటికీ దగ్గరికి జరుపుకున్నాను. వెలుతురు కోసం అని అమ్మతో చెప్పాను. అమ్మ నమ్మినట్టు నటించింది.

“ఆ భుజం కుట్టు విడిపోయింది,” అన్నాను కిటికీలోంచి. “ఇస్తే రెండు నిమిషాల్లో వేసిస్తా.”

“తొడుక్కున్న చొక్కా ఎలా ఇస్తారండీ?”

“పనయ్యాక ఇవ్వండి.”

“పనయ్యాక నేనిక్కడికి ఎందుకొస్తాను?”

ఆ ప్రశ్నకి నా దగ్గర మంచి జవాబే ఉంది. కానీ అప్పటికే నోటినిండా గుండుసూదులు పెట్టేసుకున్నాను.

మూడో రోజు సాయంత్రం తలుపు దగ్గర నిలబడి జాగ్రత్తలన్నీ అప్పగించింది. ఏటా ఎండలు ముదరకముందే గోడలకి నూనె పుయ్యాలి. లోపలా బయటా రెండువైపులా పుయ్యాలి, లేకపోతే గోడ ఒక పక్కకి వంగుతుంది. గాలి ఆడాలి. మట్టి గోడకి ఆనకూడదు. తర్వాత తలుపు చట్రం పైకి వేలెత్తి ఇంకేదో చెప్పింది. ఆ వేలికి రంపపు పొట్టు అంటుకుని ఉంది. గాలికి ఒక వెంట్రుక వచ్చి చెవి మీది పెన్సిలుకి చుట్టుకుంది.

“అర్థమైందా?”

“అయింది.”

“ఏమర్థమైంది?”

“అంతా.”

నా వైపు అనుమానంగా చూసి, పనిముట్ల సంచీ భుజానికెత్తుకుని వెళ్లిపోయింది. పెరడు ఒక్కసారిగా పెద్దదైపోయింది.

మిషన్లు చేర్చాక లోపలినుంచి తలెత్తి చూద్దును కదా, తలుపు చట్రానికీ దాని పైదుంగకీ మధ్య సందు. సరిగ్గా రెండు వేళ్లు పడుతుంది. బయటికి ఒక పట్టీ అడ్డం ఉంది కాబట్టి కనబడదు. పాపం, మర్చిపోయింది. ఇన్‌స్పెక్టరు చూస్తే ఇంకేమన్నా ఉందా?

ఫోన్ చేస్తే చిన్నబుచ్చుకుంటుంది. అందుకని నేనే కొలత తీసి, చెక్కముక్క కోసి, అందులో దూర్చి, జిగురు పెట్టి, స్క్రూలు బిగించాను. కుట్టు కనబడకుండా వెయ్యడం నా వృత్తి. ఆ రాత్రి మహోపకారం చేసినవాడిలా నిద్రపోయాను.

తర్వాత రెండు నెలలు ఎండ దంచింది. తలుపు రోజురోజుకీ బరువెక్కింది. మొదట చెయ్యి చాలేది, తర్వాత భుజం కావాల్సి వచ్చింది. తలుపు పక్క గోడలో రెండు దుంగల మధ్య వెలుగు గీత ఒకటి బయటపడింది. కొత్తది కదా, సర్దుకుంటుందిలే అనుకున్నాను.

ఇన్‌స్పెక్టరు వచ్చే రోజు పొద్దున్నే మొదటి వాన దిగింది. ఆ చీలికలోంచి నీళ్లు గుడ్డల మీద పడుతుంటే పరుగెత్తి లోపలికెళ్లాను. జల్లు రాకుండా తలుపు బలంగా లాగాను. పడింది. మళ్లీ రాలేదు. కిటికీ చూస్తే జానెడుకి మించి తెరుచుకునే రకం కాదు.

అప్పుడే గేటు చప్పుడు. గొడుగులు. నాలుగు గొంతులు.

“తలుపు తియ్యండి,” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“రావట్లేదండీ.”

“లోపలెవరు?”

“కస్టమర్ని.”

ఆయన పైకి చదువుతూ రాసుకుంటున్నాడు. “గోడలో చీలిక. తలుపు బిగుసుకుంది. లోపల కస్టమరు.” తర్వాత గొంతు మార్చి, “చట్రం పైన సందు వదల్లేదామ్మా నువ్వు? గోడ ఎండి కిందికి దిగితే ఎక్కడ కూర్చుంటుంది?”

“వదిలాను సార్. రెండు వేళ్లు.”

“మరేదీ? కిటికీలోంచి చూడు. నిండుగా ఉంది.”

కిటికీ అవతల ఒక గొడుగు వంగి, వెనక్కి తగ్గింది. తర్వాత చిన్న మేస్త్రి అంది, చాలా నెమ్మదిగా. “వదిలాననే అనుకుంటున్నా సార్.”

ఆ ‘అనుకుంటున్నా’ నాకు సూదిలా దిగింది. బుడగ నడిమికి వచ్చేదాకా లేవని మనిషి తన చేతినే అనుమానిస్తోంది.

చీలిక దగ్గరికి నోరు పెట్టాను. “వదిలింది సార్. నేను మూశాను. మర్చిపోయిందేమో, మీరు చూస్తే తనకి మాట వస్తుందేమోనని.”

“మూయకూడదని ఆ అమ్మాయి చెప్పలేదా?”

చెప్పలేదంటే నా పరువు దక్కుతుంది. తన టీము పోతుంది.

“చెప్పింది. వేలెత్తి చూపించి మరీ చెప్పింది. నేను వినలేదు.”

“ఏం, చెవులు పనిచెయ్యవా?”

“చేస్తాయండీ. ఆ టైములో కళ్లు పనిచేస్తున్నాయి.”

పెద్ద మేస్త్రి అవసరం లేకపోయినా దగ్గాడు. “అందుకన్నమాట ఆ వెలుతురు,” అంది అమ్మ.

కిటికీ సందులోంచి ఒక స్క్రూడ్రైవరూ ఒక ఉలీ లోపలికొచ్చాయి. వాటి వెనక చెయ్యి కనబడి మాయమైంది.

“టైలర్ గారూ, చెప్పింది చెప్పినట్టు చేస్తారా?” చిన్న మేస్త్రి గొంతు, గోడకి అవతల.

“చేస్తాను.”

“ఎన్ని స్క్రూలు?”

“ఎనిమిది.”

“ఎనిమిదా?”

“కుట్టు గట్టిగా ఉండాలని.”

“చివరివి ముందు తియ్యండి. నడిమివి తర్వాత. జిగురు కూడా పెట్టారా?”

“పెట్టాను.”

“పనిమంతుడే,” అన్నాడు పెద్ద మేస్త్రి.

ఈసారి మనిషి కనబడలేదు కాబట్టి మాటలన్నీ వినబడ్డాయి. ఉలి ఏటవాలుగా పెట్టమంటే పెట్టాను. ఆగమంటే ఆగాను. ముక్క ఊడి నా పాదం మీద పడింది. ఆ వెంటనే గోడ మొత్తం ఒక్క నిట్టూర్పు విడిచి కిందికి దిగింది. వెలుగు గీత మూసుకుపోయింది. తలుపు వేలితో తోస్తే తెరుచుకుంది.

ఇన్‌స్పెక్టరు సందులో వేలు పెట్టి చూశాడు. “రెండు వేళ్లలో ఒక వేలు అప్పుడే దిగింది. సరిగ్గా అంచనా వేశావమ్మా.” కాగితం మీద రాసింది కొట్టేసి, ‘తప్పు కస్టమరుది’ అని రాసి నా చేత సంతకం పెట్టించుకున్నాడు. నా జీవితంలో అంత సంతోషంగా ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. కొత్త టీము వచ్చే నెలనుంచే అని చెప్పి గొడుగు విప్పుకున్నాడు.

చిన్న మేస్త్రి గుమ్మంలో నిలబడింది. వాన జడ చివరనుంచి కారుతోంది.

“పిల్లల గౌను కుడితే లోపల మడత ఎందుకు వదుల్తారు?”

“పెరుగుతారని.”

“గుడ్డకి తెలిసింది, చెక్కకి తెలియలేదు. షోరూములో అడిగింది మీరేనా అసలు?” అని, గొంతు తగ్గించి, “ఆ కళ్ల సంగతి రెండు నెలల కిందటే చెప్పొచ్చుగా?”

“చెప్పడానికి సందు దొరకలేదు.”

“దొరికింది. నువ్వే మూసేశావు.”

నువ్వు అంది. నేను విన్నాను. ఈసారి బాగా విన్నాను.

“టీము వచ్చాక ఊళ్లు తిరగాలేమో కదమ్మా?” అంది అమ్మ, దిగులు దాచుకోలేక.

“తిరగాలి ఆంటీ. మధ్యమధ్యలో వస్తుంటాను. గోడలకి నూనె పుయ్యాలిగా.”

“ఇంకా ఆంటీయేనా?” అంది అమ్మ.

“నూనె ఏడాదికోసారి చాలే,” అన్నాడు పెద్ద మేస్త్రి.

“చాలదు నాన్నా. ఈయన చేతిలో స్క్రూడ్రైవరుంది.”

అంటూనే సంచీలోంచి కాగితం పొట్లం తీసి మిషను మీద పెట్టింది. ఉతికి, మడతపెట్టి, తడవకుండా చుట్టి తెచ్చిన నీలం చొక్కా.

“రెండు నిమిషాలన్నారు.”

సాయంత్రం దాకా తెమల్లేదు. వాన ఆగలేదు. తలుపు తీసే ఉంచాం.