సమ్మెట పట్టినవాడి ఫొటోలు

ఆదివారం మధ్యాహ్నం. కాలేజీ మొత్తానికి మనుషులంటూ ఉన్నది ముగ్గురే. గేటు పక్క గదిలో రేడియో పెట్టుకుని కునికిపాట్లు పడుతున్న వాచ్‌మన్ తాత, నేలమాళిగలోని కంప్యూటర్ ల్యాబ్‌లో అన్నాచెల్లెళ్ళిద్దరూ. పొద్దున్నుంచీ ఒకటే వాన. ల్యాబ్‌కి కిటికీలు లేవు కాబట్టి ఆ వాన వాళ్ళకి చప్పుడుగానే తెలుసు. మెట్ల మీంచి జల్లు లోపలికొస్తోందని అన్నయ్య ఇనుప తలుపు మూసి గడియ పెట్టేశాడు.

చెల్లెల్ని ఇంట్లోనూ కాలేజీలోనూ అందరూ బుల్లి అనే పిలుస్తారు. రెండో ఏడాది చదువుతోంది. అన్నయ్యది ఆఖరి ఏడాది. వీడియో గేముల గురించి విద్యార్థులే రాసి, విద్యార్థులే బొమ్మలు పెట్టి, అచ్చు వేయించే పత్రిక ఒకటి అతను మూడేళ్ళ కిందట మొదలుపెట్టాడు. రాసేవాళ్ళు వచ్చారు, పోయారు. పత్రిక మాత్రం ఆగలేదు. ఇప్పుడు తయారవుతున్నది తొమ్మిదో సంచిక. అన్నయ్య చేతుల మీదుగా వచ్చే చివరిది. అందుకే దాని మీద ప్రాణం పెట్టేసుకున్నాడు. ఫొటోలు తియ్యడం, వాటికి మెరుగులు దిద్దడం బుల్లి పని.

ఈసారి కవర్ కథ జూనియర్లు ఇద్దరు తయారుచేసిన గేము గురించి. దాని పేరు 'సమ్మెట'. మూతబడ్డ కార్ఖానాలో, వెల్డింగు ముసుగు వేసుకున్న ఒకడు పెద్ద సమ్మెటతో కనిపించినవాణ్ణల్లా కొట్టి చంపుతుంటాడు. వాడి నుంచి తప్పించుకోవడమే ఆట. గేములోంచి నాలుగు బొమ్మలు తీసి వేసేస్తే సరిపోయేది. అన్నయ్య ఒప్పుకోలేదు.

"నిజం షెడ్డు ఉండాలి, నిజం మనిషి ఉండాలి, దెబ్బ నిజంగా పడినట్టుండాలి బుల్లీ. కవర్ చూసినవాడి చేతుల్లోంచి పత్రిక జారి కింద పడాలి" అన్నాడు.

కాలేజీ వెనకాల పదేళ్ళ బట్టీ తాళం వేసి ఉన్న మెషిన్ షెడ్డు ఉంది. శనివారం తాత దగ్గర తాళంచెవి తీసుకుని ముగ్గురూ వెళ్ళారు. మూడోవాడు అన్నయ్య క్లాస్‌మేటు. పొడుగ్గా, సన్నగా ఉంటాడని గడకర్ర అంటారు. థర్మోకోల్‌తో సమ్మెట చేసి నల్లరంగు పూసింది అతనే. ముసుగు చేసే పని తప్పింది, షెడ్డులోనే ఒక మేకుకి పాత వెల్డింగు ముసుగు వేలాడుతూ కనిపించింది. అన్నయ్య నెత్తికి ఎర్ర సిరప్పు పూసుకుని సిమెంటు నేల మీద శవంలా పడుకున్నాడు. గడకర్ర ముసుగు తగిలించుకుని సమ్మెట ఎత్తాడు. బుల్లి స్టాండు మీద కెమెరా బిగించి నూట నలభై ఫొటోలు తీసింది.

ఇప్పుడు వాటినే ముందేసుకుని కూర్చుంది. కవర్‌కి ఒకటి, లోపలి పేజీలకి ఏడు కావాలి. సాయంత్రం ఆరింటికల్లా ప్రెస్సుకి పంపెయ్యాలి.

పని విసుగ్గా సాగుతోంది. థర్మోకోల్ సమ్మెటకి అక్కడక్కడా రంగు ఊడి తెల్లటి పూసలు బయటపడ్డాయి. ఫొటోని పెద్దది చేసి, పక్కనున్న నలుపుని తెచ్చి ఒక్కో పూస మీదా అద్దాలి. ముప్ఫై ఆరో ఫొటోలో పద్నాలుగు పూసలు. ముప్ఫై తొమ్మిదిలో పంతొమ్మిది.

"నీ స్నేహితుడి పనితనం చూడు. నా తలప్రాణం తోకకొస్తోంది" అంది బుల్లి.

పక్క కంప్యూటర్ మీద పేజీలు పేరుస్తున్న అన్నయ్య తల తిప్పకుండానే నవ్వాడు. "వాడు చేసిన ఒకే ఒక్క మంచి పని సమ్మెట గట్టిగా ఊపడం. నీకు చప్పుడు వినపడలేదూ? నోటితో ధన్ ధన్ అంటూ అంత సహజంగా..."

నలభై రెండో ఫొటో తెరిచింది. తెల్లపూసలు వెతికింది. లేవు.

నలభై మూడు. లేవు. నలభై ఐదు. ఒక్కటీ లేదు.

హమ్మయ్య అనుకుంది మొదట. తర్వాత ఎందుకో ఇంకా పెద్దది చేసి చూసింది. సమ్మెట తలకి ఒక మూల పెచ్చు లేచిపోయి ఉంది. అంచుల వెంబడి తుప్పు. రంగులా లేదు. పొరలు పొరలుగా, గరుగ్గా, నిజం తుప్పు.

"అన్నయ్యా, ఒకసారి ఇటు రా."

"ఏంటే?"

"గడకర్ర అన్న చేతులు చూడు."

అన్నయ్య కుర్చీ జరుపుకుంటూ వచ్చాడు. మొదటి ఫొటోల్లో చొక్కా చేతుల్లోంచి పుల్లల్లాంటి చేతులు. యాభయ్యో ఫొటోలో మోచేతుల నిండా కండ. దాని మీద చిన్న చిన్న కాలిన మచ్చలు, నిప్పురవ్వలు పడ్డట్టు.

"వెలుతురు తేడా అయ్యుంటుంది" అన్నాడు అన్నయ్య. గొంతులో నవ్వు లేదు.

బుల్లి వరసగా నొక్కుకుంటూ పోయింది. అరవైలో సమ్మెట అన్నయ్య తలకి బారెడు దూరంలో నేలని తాకింది. డెబ్భై ఐదులో మూరెడు. తొంభైలో జానెడు. తాకిన ప్రతిచోటా సిమెంటు పగిలింది. ముక్కలు లేచి గాల్లో ఆగిపోయి ఉన్నాయి ఫొటోలో. థర్మోకోల్ తగిలితే సిమెంటు ఎలా పగులుతుంది?

ఫొటోల్లో అన్నయ్య కళ్ళు మూసుకునే ఉన్నాడు. శవం కదా. నిన్న అతనన్న మాట బుల్లికి చెవిలో గింగురుమంది. *ఇంకొంచెం దగ్గరగా కొట్టరా... భయపడకు... ఇంకా దగ్గరగా.*

నూట నలభయ్యో ఫొటో. సమ్మెటకీ చెవికీ మధ్య నాలుగు వేళ్ళ దూరం. సరిగ్గా అక్కడే కెమెరా బ్యాటరీ అయిపోయింది. "చార్జింగ్ లేదు, లే అన్నయ్యా" అంది తను. బ్యాగు సర్దుకుని తలెత్తేసరికి షెడ్డులో అన్నయ్యా తనూ ఇద్దరే ఉన్నారు. గడకర్ర చెప్పకుండా వెళ్ళిపోయాడని తిట్టుకున్నారు కూడా.

అన్నయ్య ఫోన్ స్పీకర్‌లో పెట్టి గడకర్రకి చేశాడు.

"ఒరేయ్, నిన్న నువ్వు ఎంతసేపు ఉన్నావురా షెడ్డులో?"

"అదేంట్రా అలా అడుగుతావు? పావుగంట కూడా లేను. ఆ ముసుగులో ఊపిరాడక కడుపులో తిప్పేసింది. నేను వెళ్తున్నానంటే ఊఁ అన్నారుగా!"

"ఎవరన్నారు?"

"లోపల్నించి అన్నారు. నువ్వే అనుకున్నాను. ముసుగు గడప మీద పెట్టేసి వచ్చాను."

"సమ్మెటో?"

"అదా, నా మంచం కిందుంది. ఏం, మళ్ళీ కావాలా?"

అన్నయ్య ముఖం తెల్లబడిపోయింది. బుల్లే ఫోన్ లాక్కుంది. "అన్నా, నువ్వు వెంటనే కాలేజీకి రా. తాతని కూడా తీసుకుని కిందికి..."

కరెంటు పోయింది.

గదిలో లైట్లన్నీ ఒక్కసారే ఆరిపోయాయి. ఫోన్‌లో మాట తెగిపోయింది. యూపీఎస్ బ్యాటరీ మీద నడుస్తూ బుల్లి కంప్యూటర్ ఒక్కటే వెలుగుతోంది. అరనిమిషానికొకసారి కీచుమని అరుస్తోంది. తెర మీద నూట నలభయ్యో ఫొటో అలాగే ఉంది. గదిలో ఉన్న వెలుతురంతా దానిదే.

అప్పుడొచ్చింది వాసన. కాలిన ఇనుము వాసన. వెల్డింగు దుకాణం ముందు నుంచి నడిచి వెళ్తే ముక్కుకి తగిలేది. మొదట సన్నగా... తర్వాత గొంతులో దిగబడేంత చిక్కగా.

"అన్నయ్యా... వెళ్ళిపోదాం..."

"ఉష్..."

ధన్!

ఇనుప తలుపు మొత్తం అదిరింది. గోడల సున్నం రాలింది. బుల్లి తన నోరు తనే మూసుకుంది.

ధన్!

"బల్ల పట్టు" అన్నాడు అన్నయ్య గొంతు తగ్గించి. ఇద్దరూ ప్రింటరు బల్లని ఈడ్చుకొచ్చి తలుపుకి అడ్డం పెట్టారు. అన్నయ్య బల్ల మీదుగా వంగి రెండు చేతులూ తలుపుకి మోపి నెట్టిపట్టాడు. బుల్లి అతని వెనక నిలబడి చొక్కా పట్టుకుంది. వాన చప్పుడు. కంప్యూటర్ కీచుమన్న చప్పుడు. మళ్ళీ... ధన్! ధన్! అన్నయ్య చేతుల పక్కనే రేకు సొట్టపడింది. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎవరో బరువుగా ఊపిరి పీలుస్తున్నారు. ముసుగులోంచి పీల్చినట్టు... బొంగురుగా...

మెట్ల మీద పరుగు అడుగులు వినిపించాయి. తలుపుకి అవతలి నుంచి వాచ్‌మన్ తాత గొంతు.

"అమ్మాయ్! ఏంటమ్మా ఆ బాదుడు? మీకేమైనా మతిపోయిందా?"

"తాతా, పారిపో!" అని అరిచాడు అన్నయ్య. "నీ పక్కనే ఉన్నాడు వాడు!"

"ఇక్కడెవరున్నారు బాబూ? నేనొక్కణ్ణే. లోపల్నించి తలుపు బాదుతున్నది ఎవరు?"

చప్పుడు ఆగిపోయింది.

బరువైన ఊపిరి మాత్రం ఆగలేదు. అది తలుపుకి అవతల లేదు.

అన్నయ్య మెల్లగా తల వెనక్కి తిప్పాడు. తెర వెలుతురు అతని ముఖం మీద పడింది. అతని కళ్ళు చెల్లెలి కళ్ళని దాటి ఇంకా పైకి వెళ్ళాయి. నోరు తెరుచుకుంది.

ఆ తర్వాత జరిగినవి బుల్లికి ముక్కలు ముక్కలుగానే గుర్తున్నాయి.

పచ్చి కట్టె విరిగినట్టు ఒక చప్పుడు. అన్నయ్య భుజం ఉండాల్సిన చోట లేదు, కిందికి వేలాడింది. అతను పెట్టిన కేక. ఆ కేక మీద ఇంకో దెబ్బ. కంప్యూటర్ పేలినట్టు పగిలి వెలుతురు పోయింది. చీకటి. ముఖం మీద వెచ్చగా ఏదో చిమ్మింది. పెదాల మీద ఉప్పగా తగిలింది. నిన్నటి సిరప్పు తియ్యగా ఉండేది.

వదలకూడదు, వాణ్ణి వదలకూడదు అనుకుంది. చేతికి ఏదో దొరికింది. కుర్చీ కాబోలు, బరువుగా ఉంది. శక్తి కొద్దీ ఎత్తి ఎదురుగా ఉన్నవాణ్ణి కొట్టింది. తగిలింది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ తగిలింది. ఎముక పటుక్కుమంది. వాడు కింద పడ్డాడు. పడ్డాక కూడా కొట్టింది. అన్నయ్యని కాపాడుకోవాలన్న కసి ఒళ్ళంతా పాకిపోయింది. భయం ఎటు పోయిందో. ఎక్కడో కాళ్ళ దగ్గర నుంచి అన్నయ్య గొంతు సన్నగా వినిపిస్తూనే ఉంది.

"బుల్లీ... వద్దే... బుల్లీ..."

తన దగ్గరికి రావద్దంటున్నాడు, పారిపొమ్మంటున్నాడు అనుకుంది.

తాతా, పక్క వీధిలోని గది నుంచి అప్పుడే తడిసి ముద్దయి వచ్చిన గడకర్రా కలిసి గునపంతో గడియ విరగ్గొట్టి, బల్ల తోసుకుని లోపలికొచ్చారు. తాత చేతిలో టార్చిలైటు. ఆ వెలుతురులో నేల మీద అన్నయ్య ఒక్కడే పడి ఉన్నాడు. ఎడమ చెయ్యి మూడుచోట్ల వంకర్లు తిరిగింది. జుట్టు నెత్తురుతో అంటుకుపోయి ఉంది. కుర్చీలు ఎక్కడివక్కడే బల్లల కిందికి తోసి ఉన్నాయి. గది మధ్యలో బుల్లి వట్టి చేతులతో నిలబడి రొప్పుతోంది.

"వాడేడీ?" అంది. "చచ్చాడా?"

గడకర్ర రెండడుగులు వెనక్కి వేశాడు. తాత టార్చి ఆమె ముఖం మీద నుంచి పక్కకి తిప్పేశాడు. "ఆ షెడ్డు తాళం ఇవ్వకుండా ఉండాల్సింది" అని తనలో తను గొణుక్కున్నాడు. "పదేళ్ళ కిందట అక్కడ తోటి పనివాణ్ణి కొట్టి చంపినవాడు ఎటు పోయాడో ఈరోజుకీ తెలీదు..."

అన్నయ్య బతికాడు. భుజం, మెడ దగ్గరి ఎముక, ముంజేయి, మూడు పక్కటెముకలు విరిగాయి. తలకి పదకొండు కుట్లు. నాలుగు రోజులు స్పృహ లేదు. ఐదో రోజు కళ్ళు తెరిచాడు కానీ ఎవరు అడిగినా ఆ మధ్యాహ్నం గురించి నోరు విప్పలేదు. పోలీసులు వచ్చారు, ల్యాబ్‌లో ఇనుప ముక్క అన్నది దొరకలేదని రాసుకుని వెళ్ళారు. తొమ్మిదో సంచిక రాలేదు.

బుల్లి అమ్మతోపాటు ఆసుపత్రిలోనే ఉంటోంది. ఆరో రోజు పొద్దున నర్సు అన్నయ్యకి కట్టు మార్చడానికి వచ్చింది. పెద్దావిడ, నవ్వు ముఖం. "కాస్త ఈ గుడ్డ పట్టుకో తల్లీ" అని అందించింది. బుల్లి రెండు చేతులూ చాపింది.

నర్సు గుడ్డ ఇవ్వబోయి ఆగింది. బుల్లి అరచేయి తన చేతిలోకి తీసుకుని బొటనవేలితో తడిమింది.

"ఏం పని చేస్తావమ్మా నువ్వు?"

"చదువుకుంటున్నాను. ఫొటోలు దిద్దుతాను... కంప్యూటర్ మీద."

"హాస్యాలాడకు. మా ఆయన ముప్ఫై ఏళ్ళు కొలిమి దగ్గర పనిచేశాడు. ఆయన చేతులు ఇలాగే ఉండేవి."

బుల్లి కిందికి చూసుకుంది. బొటనవేలి మొదట్లో, నాలుగు వేళ్ళ కిందా... పసుపుపచ్చగా, రాయిలా గట్టిపడ్డ కాయలు. నిన్నా మొన్నా కాసినవి కావు. ఏళ్ళ తరబడి కాసి, పగిలి, మళ్ళీ కాసినవి.

మంచం మీద అన్నయ్య బాగున్న చేత్తో దుప్పటి మెల్లగా గడ్డం దాకా లాక్కున్నాడు.